చెరువుకు మినరల్స్, ఇంటికి మినరల్ వాటర్

(డెల్టా జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రొయ్యల చెరువులూ స్త్రీలూ అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పీలింగ్ షెడ్లలో కూలి రేట్లు, పని గంటలు, మరుగుదొడ్లు, సూపర్‌వైజర్ల వేధింపులు, వీటి గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి దగ్గరికి వస్తాను. కానీ ముందు కొంతసేపు పొటాషియం, మెగ్నీషియం అన్న మాటలతో మిమ్మల్ని విసిగించక తప్పదు. సోషియాలజీ చదువుకున్న దానికి కెమిస్ట్రీతో ఏం పని అని ఇప్పటికే ఒకరిద్దరు నవ్వుతున్నారు. నాలుగేళ్ళుగా పశ్చిమ గోదావరి, ఏలూరు, కృష్ణా జిల్లాల్లో చెరువు గట్ల మీద తిరుగుతున్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ పరిశ్రమ ఎక్కడిదాకా వస్తుంది, ఎవరి నీళ్ళు పాడవుతాయి, ఎవరి పని పోతుంది అన్న నిర్ణయాలు చాలావరకు ఆ కెమిస్ట్రీలోనే జరిగిపోతున్నాయి. అది నిపుణుల విషయమని మనం పక్కన పెడితే, నిర్ణయాలన్నీ అయిపోయాక నష్టాల జాబితా రాసుకోవడమే మనకు మిగులుతుంది.

కెమిస్ట్రీ అంటే భయపడనక్కర్లేదు. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందికి అది తెలుసు, ఆ పేరుతో తెలియదు, అంతే. ఏ బోరు నీళ్ళకి కందిపప్పు ఉడకదో, ఏ నీళ్ళకి సబ్బు నురగ రాదో, ఏ నెలలో పంపు నీళ్ళు నాలుక్కి ఉప్పగా తగుల్తాయో ఊళ్ళో ఆడవాళ్ళని అడిగితే చెబుతారు. పప్పు ఉడక్కపోవడం, నురగ రాకపోవడం అంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నాయన్నమాట. ఉప్పగా తగిలితే అది సోడియం, క్లోరైడ్. వీటికి పొటాషియం ఒక్కటి కలిపితే ఇవాళ నేను మాట్లాడబోయే సరుకంతా వచ్చేసింది.

సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. దీన్ని 35 పీపీటీ అంటారు, వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు అని అర్థం. 1990లలో మన తీరంలో టైగర్ రొయ్య పెంచినప్పుడు చెరువులు ఎక్కువగా సముద్రం పక్కన, ఉప్పుటేళ్ళ పక్కన తవ్వారు. తెల్లమచ్చ వైరస్ వచ్చి ఆ వ్యాపారం కూలిపోయింది. 2009లో ప్రభుత్వం వనామీ రొయ్యకి అనుమతి ఇచ్చింది. దీని సొంత ఊరు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం. దీనికున్న గుణం ఏమిటంటే, 1, 2 పీపీటీ నీళ్ళలో కూడా బతకగలదు. అలా తక్కువ ఉప్పు నీళ్ళలో పెంచడాన్ని చెరువు గట్ల మీద అందరూ 'లో సెలినిటీ' అంటారు. కైకలూరు, ఆకివీడు, ఉండి వైపు వెళ్ళి చూడండి. నిన్నమొన్నటిదాకా వరి పండిన చోట, లేదా చేపల చెరువులున్న చోట, ఇవాళ బోరు నీళ్ళతో, కాలవ నీళ్ళతో వనామీ పెంచుతున్నారు.

అయితే బతకగలదు అన్నంత మాత్రాన సుఖంగా బతుకుతుందని కాదు. తక్కువ ఉప్పు చెరువులో రొయ్య రక్తం బయటి నీళ్ళకంటే ఉప్పగా ఉంటుంది. నీరు ఒంట్లోకి చొచ్చుకు వస్తూ ఉంటుంది, ఉప్పు బయటికి జారిపోతూ ఉంటుంది. మొప్పల్లోని కణాలు రాత్రింబవళ్ళు ఉప్పుని లోపలికి తోడుతూ ఉండాలి. ఆ తోడే యంత్రానికి సోడియంతోపాటు పొటాషియం కావాలి, అది తిరగడానికి మెగ్నీషియం కావాలి. ఇవి చాలకపోతే తిన్న మేత ఇచ్చిన బలమంతా తోడడానికే సరిపోతుంది, ఒళ్ళు పెరగదు. పైగా రొయ్య పెరగాలంటే పాత గుల్ల వదిలెయ్యాలి. కొత్త గుల్ల గట్టిపడడానికి కాల్షియం, మెగ్నీషియం నీళ్ళలోంచే లాక్కుంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ గుల్ల విడవడం ఎక్కువని రైతులందరికీ తెలుసు. ఆ రోజులకి ముందూ వెనకా, రాత్రిపూట మినరల్స్ చల్లుతారు. అప్పుడు లెక్క తప్పితే వలేసి తీసిన రొయ్య వెన్ను వంగిపోయి, కండ తెల్లబడి, మళ్ళీ సాగదు. దాన్ని 'క్రాంప్' అంటారు. గుల్ల మెత్తగా ఉండిపోయిన రొయ్యల్ని మిగతావి పీక్కు తింటాయి. మిగిలినవాటికి వైరస్సులు, విబ్రియో బాక్టీరియా సులువుగా సోకుతాయి.

ఇక్కడ కీలకం మొత్తం ఉప్పు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఏ లవణం ఏ పాళ్ళలో ఉంది అన్నది కూడా. సముద్రంలో సోడియం, పొటాషియం 28కి 1 నిష్పత్తిలో ఉంటాయి. మెగ్నీషియం కాల్షియానికి మూడు రెట్లకి కాస్త పైన. భూమిలోంచి తోడిన ఉప్పునీళ్ళలో ఈ పాళ్ళు ఉండవు. చాలాచోట్ల సోడియం పుష్కలంగా ఉండి పొటాషియం నామమాత్రంగా ఉంటుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో, సముద్రానికి దూరంగా, భూగర్భ ఉప్పునీళ్ళతో రొయ్యలు పెంచినవాళ్ళకి సరిగ్గా ఈ సమస్యే వచ్చింది. అక్కడి ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయిడ్, అలెన్ డేవిస్ వంటి శాస్త్రవేత్తలు దాన్ని అధ్యయనం చేశారు. పొలాలకి వేసే పొటాష్ ఎరువునే చెరువులో వేస్తే రొయ్యలు నిలబడ్డాయి. సముద్రపు పాళ్ళ నుంచి తీసిన లెక్క ఒకటి ఇవాళ మన ల్యాబులవాళ్ళు కూడా చెబుతారు. చెరువు ఎన్ని పీపీటీ ఉందో దాన్ని 10.7తో హెచ్చవేస్తే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం ఉండాలో వస్తుంది. మెగ్నీషియానికి 39.1, కాల్షియానికి 11.6. అంటే 3 పీపీటీ చెరువులో పొటాషియం 32, మెగ్నీషియం 117, కాల్షియం 35 మిల్లీగ్రాములు ఉండాలి.

ఈ అంకెని బస్తాల్లోకి మారుద్దాం. ఎకరం చెరువు, నాలుగడుగుల లోతు నీరు. అందులో పొటాషియం లీటరుకి 10 మిల్లీగ్రాములు పెంచాలంటే సుమారు 100 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కావాలి. రెండు బస్తాలు. 20 మిల్లీగ్రాముల లోటుంటే నాలుగు. వేసింది వేసినట్టు ఉండదు కూడా. చెరువు అడుగు మట్టి, ముఖ్యంగా బంకమట్టి, పొటాషియాన్ని పట్టేసుకుంటుంది. అందుకని మళ్ళీ కొలవాలి, మళ్ళీ వెయ్యాలి. మనం వాడే పొటాష్ అంతా దాదాపు దిగుమతి సరుకే. 2022లో 50 కిలోల బస్తా 1700 రూపాయలకి ఎక్కింది. మెగ్నీషియం సంగతి, కంపెనీలు రంగురంగుల సంచుల్లో అమ్మే 'మినరల్ మిక్స్'ల సంగతి వేరే. కౌలు రైతు ఇంట్లో ఈ బస్తాల డబ్బు ఎక్కడినుంచి వస్తోందని అడిగాను. భార్య మెడలోది బ్యాంకులో ఉంటుంది, ఆవిడ పేరున డ్వాక్రా సంఘంలో తీసిన అప్పు ఉంటుంది. చెరువు మాత్రం ఆవిడ పేరున ఉండదు. ల్యాబు కాగితమూ ఆవిడ చేతికి రాదు. పంట పోయినప్పుడు వాయిదా కట్టలేదని సంఘంలో నలుగురి ముందు మాట పడేది మాత్రం ఆవిడే.

ఇదంతా ఎందుకు చెప్పానో ఇప్పుడు చెబుతాను. తీరప్రాంత ఉద్యమాలన్నీ ఒక భూగోళాన్ని నమ్ముకుని నడిచాయి. రొయ్యకి ఉప్పు కావాలి, ఉప్పు సముద్రం దగ్గర ఉంటుంది, కాబట్టి తీరాన్ని కాపాడితే లోపలి ఊళ్ళు పదిలం. తమిళనాడులో సర్వోదయ నాయకుడు జగన్నాథన్ సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఆయన భార్య కృష్ణమ్మాళ్ నాగపట్నం ప్రాంతంలో భూమిలేని దళిత స్త్రీలని కూడగట్టి పోరాడినావిడ. 1996 డిసెంబరు 11న వచ్చిన ఆ తీర్పు తీర నియంత్రణ మండలిలో సంప్రదాయ పద్ధతులు తప్ప రొయ్యల చెరువులు ఉండకూడదంది. వ్యవసాయ భూముల్ని, ఊరి ఉమ్మడి భూముల్ని చెరువులుగా మార్చకూడదని కూడా అంది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి తీర్పు పట్టుని చాలావరకు సడలించింది. అయినా ఆ చట్టం చూపు కూడా తీరం మీదే. సముద్రం, నదులు, ఉప్పుటేళ్ళ పోటు గీత నుంచి 2 కిలోమీటర్ల దాకా దాని పరిధి. ఆ గీత దాటితే రాష్ట్రం సంగతి. మన రాష్ట్రంలో 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీకి చట్టం వచ్చింది. దాని పేరులోనే ఉంది, దాని పని అభివృద్ధి.

ప్రకృతి కట్టిన ఉప్పు కంచెని పొటాష్ బస్తా తీసేసింది. చట్టం ఇంకా కిలోమీటర్లలో కొలుస్తోంది, రొయ్య మిల్లీగ్రాముల్లో నడిచి వచ్చేసింది.

ఇది కనిపెట్టిన దేశాలు లేకపోలేదు. థాయిలాండ్‌లో 1990లలో చిక్కటి ఉప్పునీళ్ళని లారీల్లో తెచ్చి, సముద్రానికి దూరంగా ఉన్న వరి భూముల్లో మంచినీళ్ళలో కలిపి రొయ్యలు పెంచడం మొదలెట్టారు. వరి రైతులు గొడవ చేశారు. 1998లో అక్కడి ప్రభుత్వం మంచినీటి ప్రాంతాల్లో ఈ సాగుని నిషేధించింది. నిషేధం సక్రమంగా అమలు కాలేదన్న విమర్శ ఉంది, నిజమే. కానీ ఒక ప్రభుత్వం గీత గీసినప్పుడు దూరాన్ని కాక నీటి స్వభావాన్ని ఆధారం చేసుకోవచ్చని దానివల్ల తెలుస్తుంది.

'తక్కువ ఉప్పు' అన్న మాటని కూడా ఒకసారి పట్టి చూడాలి. ఎవరికి తక్కువ? 3 పీపీటీ అంటే లీటరుకి 3000 మిల్లీగ్రాములు. తాగే నీళ్ళకి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 500. వేరే గతి లేనప్పుడు 2000 దాకా సరిపెట్టుకోవచ్చు, అంతే. వరికి నేలలో ఉప్పు లీటరుకి సుమారు 2 గ్రాముల స్థాయి దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. అంటే రొయ్యకి ప్రాణం మీదకి వచ్చేంత తక్కువ ఉప్పు, పక్క పొలంలో వరికి ఎక్కువే, గట్టు కింద ఇంట్లో బిందెకి ఇంకా ఎక్కువ. తక్కువ అన్న మాట రొయ్య వైపు నిలబడి అన్న మాట. శాస్త్రంలో పక్షపాతం లేదనేవాళ్ళు ఈ ఒక్క మాట గురించి ఆలోచిస్తే చాలు.

ఆ నీళ్ళు చెరువులో ఉన్నచోట ఉండవు. గట్టు కిందనుంచి ఊరతాయి. పట్టుబడి అయ్యాక మురుగు కాలవలోకి వదులుతారు. కింద ఊరివాళ్ళు ఆ కాలవ నీళ్ళు తోడుకుంటారు. డెల్టాలో ఊరి మంచినీళ్ళ చెరువు ఎక్కడుందో, దానికి చుట్టూ ఏమున్నాయో మీ మీ ఊళ్ళు గుర్తు చేసుకోండి. మాలపల్లె, మాదిగపల్లె ఏ పల్లంలో ఉన్నాయో కూడా. నేను తిరిగిన ఊళ్ళలో ఒక దళితవాడకి మూడువైపులా చెరువులే. అక్కడ చేతిపంపు ఉంది, బాగానే పనిచేస్తుంది, కానీ ఆ నీళ్ళు గిన్నెలు తోమడానికి కూడా పనికిరావు, తోమిన గిన్నె మీద తెల్లటి పొర కడుతుంది. అందుకని ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటారు. ఇంటికి రోజుకొకటి. చుట్టాలు వస్తే రెండు. మగవాళ్ళు పనికి వెళ్ళేముందు బండి మీద తెచ్చిపెడితే సరే, లేకపోతే ఆడపిల్లలే మొయ్యాలి.

ఆ టిన్ను నీళ్ళని మనందరం ఏమంటాం? మినరల్ వాటర్ అంటాం. అది ఆర్వో నీరు. ఆర్వో మిషను చేసేదే నీళ్ళలోని లవణాల్ని తీసేయడం. సోడియంతోపాటు కాల్షియం పోతుంది, మెగ్నీషియం పోతుంది. మినరల్స్ తీసేసిన నీళ్ళకి మినరల్ వాటర్ అని పేరు! గట్టు మీద చెరువుకి మెగ్నీషియం బస్తాల్లో పోస్తుంటారు, గట్టు కింద గర్భిణికి మెగ్నీషియం తీసేసిన నీళ్ళు డబ్బిచ్చి కొంటారు. ఆర్వో మానెయ్యమని నేను చెప్పడం లేదు. అంత ఉప్పునీళ్ళున్న చోట వేరే దారి లేదు. నేనడిగేది ఒక్కటే. చెరువుకి పదిహేను రోజులకోసారి, కొన్నిచోట్ల వారానికోసారి, నీటి పరీక్ష జరుగుతోంది. సోడియం ఎంత, పొటాషియం ఎంత, కాల్షియం, మెగ్నీషియం, క్షారత్వం, అన్నీ విడివిడిగా. భీమవరం, కైకలూరు లాంటి చోట్ల సీసాలో నీళ్ళు తీసుకెళ్తే అదే రోజు కాగితం ఇచ్చే ప్రైవేటు ల్యాబులున్నాయి. ఆ చెరువు పక్కన ఇంట్లో తాగే నీళ్ళకి అలాంటి కాగితం ఎవరి దగ్గరన్నా ఉందా? ఇన్నేళ్ళలో నాకు ఒక్క ఇంట్లోనూ కనబడలేదు.

నీళ్ళలో ఉప్పు గర్భిణులకి ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే బంగ్లాదేశ్ వైపు చూడాలి. ఖుల్నా తీరంలో రొయ్యల కోసం కట్టల్ని కోసి ఉప్పునీళ్ళు లోపలికి పెట్టారు. తుపాన్లు, సముద్రమట్టం పెరగడం, ఎగువనుంచి నదుల్లో నీళ్ళు తగ్గడం దానికి తోడయ్యాయి. అక్కడి దాకోప్ ప్రాంతంలో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. ఎండాకాలంలో గర్భిణుల ఒంట్లోకి తాగే నీళ్ళ ద్వారా మాత్రమే రోజుకి 5 నుంచి 16 గ్రాముల సోడియం వెళ్తోందని అంచనా వేశారు. వానాకాలంలో అది 0.6 నుంచి 1.2 గ్రాములు. ఆస్పత్రి లెక్కల్లో గర్భిణుల రక్తపోటు ఎండాకాలంలో 12.2 శాతం, వానాకాలంలో 5.1 శాతం. 2014లో అదే ప్రాంతం నుంచి వచ్చిన మరో అధ్యయనంలో నీళ్ళలో సోడియం పెరిగేకొద్దీ గుర్రపువాతం ముప్పు, గర్భిణుల్లో రక్తపోటు ముప్పు పెరగడం కనిపించింది. ఖుల్నా పేరు చెప్పినప్పుడు కరుణామయి సర్దార్ పేరు చెప్పకుండా ఉండలేను. 1990 నవంబరు 7న రొయ్యల చెరువులు తమ ఊళ్ళోకి రాకుండా అడ్డం నిలిచిన ఊరేగింపు ముందు నడిచింది. దాడిలో ఆమెని చంపేశారు. ఆ ఊళ్ళోకి రొయ్యల చెరువు వెళ్ళలేకపోయింది. నవంబరు 7న అక్కడ ఇప్పటికీ భూమిలేని పేదలు ఆమెని తలుచుకుంటారు.

మన డెల్టాకి ఖుల్నా లెక్క అచ్చంగా అతుకుతుందని నేననను. మనకి కాలవలున్నాయి, టిన్ను నీళ్ళున్నాయి. కానీ మన ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎమ్‌లు ప్రతి గర్భిణికీ బీపీ చూస్తారు, పుస్తకంలో రాస్తారు. ఆ అంకెని నీటి పరీక్ష పక్కన పెట్టి చూడమని ఎవరూ అడగలేదు. నిధులకి కొదవ లేని పరిశ్రమ ఇది, ఒక్క రొయ్య వెన్ను వంగితే ఆ పూటే కారణం వెతుకుతుంది.

ఇప్పుడు పని సంగతి. ఎకరం వరి ఊడ్చాలంటే పదిమంది దాకా ఆడవాళ్ళు కావాలి. తర్వాత కలుపు, కోత, కుప్ప. చెరువు తవ్వాక ఆ ఎకరంలో ఆడవాళ్ళకి మిగిలే పని దాదాపు శూన్యం. మేత వేసేది మగవాళ్ళు, ఏరియేటర్లు చూసేది మగవాళ్ళు, టెక్నీషియన్లు మగపిల్లలు. గట్టు మీద పాకలో కాపలా కుటుంబం ఉంటుంది. నేను చూసిన చాలాచోట్ల యానాదులు. జీతం మగవాడికే ఇస్తారు. ఆ జీతంలో భార్య పని కలిసిపోయి ఉంటుంది. రాత్రి పదకొండింటికి మినరల్స్ డ్రమ్ములో కలిపి, బక్కెట్లతో గట్టు పొడుగునా చల్లేటప్పుడు ఆవిడ చేతులూ అందులో ఉంటాయి. గ్లవ్స్ ఉండవు. సున్నం, బ్లీచింగు కూడా ఆ చేతులతోనే. ఆవిడ పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. మన కుటుంబ వేతనం చర్చ అంతా ఆ పాకలో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

నాట్లు పోయిన ఆడవాళ్ళు పీలింగ్ షెడ్డుకీ, ప్రాసెసింగ్ ఫ్యాక్టరీకీ వెళ్తున్నారు. ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు వేరే. ఐసు నీళ్ళలో, క్లోరిన్ నీళ్ళలో గంటల తరబడి చేతులు. రొయ్య ముల్లు గుచ్చుకుని వేళ్ళు పగులుతాయి. రొయ్యలోని ప్రొటీను తుంపరగా గాలిలో కలిసి ఆస్తమా తెస్తుందని ఇతర దేశాల్లో వృత్తి ఆరోగ్య అధ్యయనాలు చెప్పాయి. మన దగ్గర దగ్గుతుంటే చలువ చేసిందంటారు. మరుగుదొడ్డికి వెళ్తే కిలోలు తగ్గుతాయని, కిలోలు తగ్గితే కూలి తగ్గుతుందని నీళ్ళు తాగడం తగ్గిస్తారు. రాత్రి పిక్కలు పట్టేస్తాయి. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ మన షెడ్లలో ఆడవాళ్ళ చేతులెలా ఉన్నాయో లోకానికి చూపించింది. అప్పుడు కొన్నాళ్ళు చర్చ నడిచింది, ఎక్కువగా ఎగుమతులు దెబ్బ తింటాయేమోనన్న చర్చ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, నేను తిరుగుతున్న ఊళ్ళలో ముందుగా ఆగిపోయింది షెడ్డు బండి. పిలుపు రాలేదు. చెరువులో రొయ్య ఉన్నన్నాళ్ళూ మినరల్ బస్తా మాత్రం ఆగలేదు, ఆగితే రొయ్య చచ్చిపోతుంది కదా.

రొయ్య ఒంటికీ స్త్రీ ఒంటికీ పోలిక తేవడం నాకు అంత ఇష్టమైన పని కాదు. ఆడవాళ్ళ పిక్కలు పట్టెయ్యడానికి పొటాషియమే కారణమని నేను చెప్పలేను. నిలబడడం, నిద్రలేమి, రక్తహీనత, ఎన్నో ఉండొచ్చు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019-21 లెక్క, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని చెప్పింది. నాకు ముఖ్యమనిపించేది, పోల్చుకోవాల్సింది, శ్రద్ధ. ఒక ఒంటిలో లోటు వస్తే దాన్ని కొలిచే పరికరం, చదివే మనిషి, తీర్చే బస్తా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇంకో ఒంటిలో లోటు వస్తే అది ఆడవాళ్ళ నీరసం. సైన్సు లేక కాదు. ఆ సైన్సే ఉంది, అదే ఊళ్ళో ఉంది, గట్టు దిగి కిందికి రాదు.

మన జిల్లాల్లో ఆడవాళ్ళు దీన్ని చూస్తూ ఊరుకోలేదని మీకు తెలుసు. తుందుర్రు దగ్గర ఆక్వా ఫుడ్ పార్కుకి వ్యతిరేకంగా నడిచిన పోరాటంలో ముందు నిలబడింది ఆడవాళ్ళే. 2016లో అక్కడ నిషేధాజ్ఞలు పెట్టారు, ఒక పల్లెటూరి స్త్రీ హత్యాయత్నం కేసులో వారాల తరబడి జైల్లో ఉంది. వాళ్ళు అడిగింది తమ కాలవ నీళ్ళు పాడు చెయ్యొద్దని. మరుసటి ఏడాది, 2017 మార్చి 30న, మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో వ్యర్థాల ట్యాంకులో దిగిన అయిదుగురు కార్మికులు విషవాయువుతో చనిపోయారు. అప్పుడు అధికారులకి ఫ్యాక్టరీ నీళ్ళలో ఏముందో అర్థమైంది. చెరువు నీళ్ళ దగ్గర అలాంటి ఒక్క దినం ఉండదు. అది మెల్లగా వస్తుంది, మిల్లీగ్రాముల్లో వస్తుంది. అందుకే దాన్ని అంకెల్లో పట్టుకోవాలి.

ఎలా అని అడుగుతారు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో అయిదుగురు స్త్రీలకి నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పాలని 2019 నుంచి నియమం ఉంది. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరో కనుక్కోండి. కొన్నిచోట్ల పేర్లు కాగితం మీదే ఉన్నాయి, వాళ్ళకే తెలియదు. కిట్టు ఎక్కడుందో అడగండి, పంచాయతీ బీరువాలో ఉంటుంది. ఆ కిట్టులో సోడియం పరీక్ష లేదు, పొటాషియం లేదు. క్లోరైడ్ ఉంది, గట్టిదనం ఉంది. ప్రస్తుతానికి క్లోరైడ్ చాలు. ఉప్పు వస్తోందా లేదా అది చెబుతుంది. తాగే నీళ్ళలో క్లోరైడ్ 250 మిల్లీగ్రాములు దాటకూడదు, గతి లేకపోతే 1000. చేతిపంపు, మంచినీళ్ళ చెరువు, మురుగు కాలవ, మూడుచోట్ల తియ్యండి. తేదీ, చోటు, తీసినవాళ్ళ పేరు రాయండి. రెండు నమూనాలు మాత్రం రొయ్యల ల్యాబుకే పంపండి, చెరువు నీళ్ళకి చేసే పరీక్షలన్నీ చెయ్యమనండి. ఏ చెరువువని అడుగుతారు. ఇంటివని చెప్పండి. మా బృందం అలా ఇచ్చినప్పుడు ఆ కుర్రాడు కాసేపు తెల్లబోయి చూసి, రశీదులో 'చెరువు పేరు' అన్న చోట ఏం రాయాలని అడిగాడు.

రెండో పని, ఏఎన్‌ఎమ్ అక్కతో మాట్లాడడం. ఆమెని ఇబ్బంది పెట్టకుండా, ఎవరి పేరూ అడక్కుండా, వాడవారీగా గర్భిణుల బీపీ లెక్క నెలనెలా ఎలా ఉందో చూడమనండి. ఎక్కువమంది ఆఫీసర్లు దీనికి అడ్డు చెప్పరు, ఎందుకో వాళ్ళకి అర్థమయ్యేలోపు రెండు ఎండాకాలాలు గడుస్తాయి.

ఒక్క జాగ్రత్త. నమూనాలు వేసవిలో కాలవలు కట్టేశాక తియ్యండి, మే నెలలో తీస్తే మంచిది. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలాక తీస్తే ఉప్పు కలిసిపోయి అంకె మామూలుగా కనిపిస్తుంది. ఆ మామూలు అంకెనే తర్వాత మన మీదికి తెస్తారు.